గంప కింద రాయి

2 డిసెంబరు 2024, సోమవారం

ఎనిమిదేళ్ల తర్వాత సుధామణి నా ఫోనుకు మెసేజి పెట్టింది. కుశలప్రశ్నలు రెండు వాక్యాలు, మూడో వాక్యంలో అవసరం. వ్యాసం ఎలా రాయాలో పావగడ హైస్కూల్లో ఆ పిల్లకు నేర్పింది నేనే. పనికొచ్చింది.

ఆమెకు నా సాలీడు కావాలట.

మడకశిర దారిలో కాలువ తవ్వుతుంటే బొచ్చు సాలీడు ఒకటి దొరికిందట, మగది. ఇన్నేళ్లుగా వెతుకుతున్న జాతే, మా రాయచెర్లు పొలాల జాతే. ఊటీలో తను పనిచేసే పరిశోధనాలయంలో ఉంచింది. మగది ఈడుకొచ్చాక కొన్ని నెలలకు మించి బతకదు. ఈ చలికాలం దాటడం కష్టం. జతకు ఆడది ఎక్కడా దొరకలేదు. "మీ దగ్గరిది ఇంకా బతికే ఉందా సార్?"

బతికే ఉందా అట. ఎవరు పెంచుతున్నారనుకుంది?

పంపను. ఒకసారి పంపినందుకు జరిగింది చాలు.

3 డిసెంబరు

పంపను.

5 డిసెంబరు

కుడికంటి శుక్లం తీసి పది రోజులైంది. వంగొద్దు, దుమ్ములోకి వెళ్లొద్దు, నెలన్నర దాకా బస్సెక్కొద్దు, చదవొద్దు, రాయొద్దు అన్నారు. మొదటి మూడూ పాటిస్తున్నాను.

సాలీడు సంగతి ఒకసారి వరసగా రాసుకోవాలి. లేకపోతే కోపం ఎక్కడ మొదలైందో నాకే గుర్తుండదు.

2016లో సోలార్ పార్కు కోసం మా నాలుగెకరాలు చదును చేస్తారని తెలిసింది. శెనక్కాయ చేను గట్టు వార తొమ్మిది బొరియలుండేవి. ఒక్కో బొరియ అంచున పట్టులాంటి సాలెగూడు, లోపల అరచేయంత బొచ్చు సాలీడు. యంత్రాలు వచ్చేముందు రోజు మూడింటిని తవ్వి తీయగలిగాను. మూడూ ఆడవే. మిగతా ఆరింటి మీద ఇప్పుడు గాజు పలకలు నిలబడి ఎండను కరెంటు చేస్తున్నాయి. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎంత వెతికినా నాకు ఒక్క బొరియ కనబడలేదు.

ఆ డిసెంబరులోనే రెండింటిని ఊటీకి సుధామణికి పంపాను. రెండూ చచ్చి చేరాయి. ఊటీ చలికి చచ్చాయి. పార్సిలు రాగానే వెచ్చటి గదిలో పెట్టుకోవలసింది ఆమె. అజాగ్రత్త. దానికి సంజాయిషీగా ఏదో ఉత్తరం రాసింది. నేను చదవనే లేదు. కవరు ట్రంకుపెట్టెలో పడేశాను.

అప్పట్లో నేనూ ఒక ఉత్తరం రాశాను, ఆమెకు కాదు. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

మూడోది ముందుగదిలో గాజుతొట్టెలో ఉంది. దానికి పేరు పెట్టలేదు. భాగీరథమ్మ మాత్రం పెట్టింది. నాకు నలభై ఆరేళ్లుగా భార్య, ఊరికి నా గురించి అన్నీ చెప్పే మనిషి. ఆమె దాన్ని సవతి అంటుంది.

ఇవాళ పొద్దున కూడా, గోనెసంచి కింద పట్టిన కీచురాయిని రెండువేళ్లతో ఎత్తి పట్టుకుని వచ్చింది.

"ఏం మేష్ట్రూ, కట్టుకున్నోనికి కంట్లో మందెయ్యల్ల, నా సవతికి నోట్లో పురుగెయ్యల్ల. నాకెవురెయ్యల్ల?"

"నెల ఆగవే."

"నెలంట. నువ్వు పోయినంక దీన్ని నేనే సాకల్లా? ఇంకెన్నేండ్లు బతుకుతాది ఇది?"

ఆడవి పాతికేళ్ల పైన బతుకుతాయని చెప్పలేదు.

8 డిసెంబరు

లెక్క తేల్చవలసిన రెండోవాడు హొన్నూరప్ప. భాగీరథమ్మ తమ్ముడు. నేను సాలీళ్లు తవ్వుతున్నది చూసి, బొరియకు ఇంత అని కంపెనీ పరిహారం ఇస్తుందట, మేష్ట్రుకు ముందే తెలిసిందట, అని ఊళ్లో పుకారు పుట్టించాడు. వారం రోజులు జనం నా గుమ్మంలో వరస కట్టారు. బ్రాందీ సీసాల్లో తేళ్లు, డబ్బాల్లో జెర్రులు, ఒక ముసలామె అయితే కొంగులో కట్టుకుని బల్లిని తెచ్చింది. "దీనికెంతిస్తారు సామీ?" అని అడిగింది. ఇవ్వరంటే నేను మింగేశానని తిట్టిపోయింది. అప్పటినుంచి నా పేరు పురుగుల మేష్ట్రు. ముప్పై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పినదానికి మిగిలిన బిరుదు.

హొన్నూరప్పతో మాటల్లేవు. వాడు ఇప్పుడు రోడ్డు పక్కన కూల్‌డ్రింకు అంగడి పెట్టుకుని సుఖంగా ఉన్నాడు.

10 డిసెంబరు

సుధామణి ఫోను చేసింది. ఎత్తకూడదనుకుని ఎత్తాను. గొంతు మారలేదు. అరసికెరెలో శెనక్కాయలు ఒలిచి, వేళ్లు ఎర్రబారి, మొదటి బస్సుకు బడికి వచ్చే పిల్ల గొంతే.

"సార్, మగది ఒక కాలు పోగొట్టుకునింది. తిండి తగ్గించేసింది. ఇది పోతే ఇంగ ఈ జాతి పిల్లల్ని మనం చూస్తామో లేదో సార్. అనుమతి కాగితాలన్నీ ఉండాయి. నేనే పావగడకొచ్చి తీసుకొని పోతా."

"వద్దు."

"ఎందుకు సార్?"

"దారి బాగలేదు."

"పార్కు పడినంక రోడ్లే బాగుండాయి గదా సార్?"

ఈ కాలం పిల్లలకు ఒక మాట అంటే దాన్ని అక్కడితో వదలడం తెలియదు. ఇంటికి సున్నం వేయించలేదు, భాగీరథమ్మకు ఒంట్లో బాగలేదు (వెనక నుంచి "నాకేమైందప్పా?" అని వినబడింది), నేనే పంపిస్తాను, పెట్టె మాత్రం నేనే కడతాను అన్నాను. ఎలా ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఆ మగది ఒక కాలు లేకుండా తిరుగుతోందన్న మాట పని చేసినట్టుంది. నేనూ ఒక కంటితో తిరుగుతున్నాను.

"సరే సార్. మీరే కట్టండి. కానీ..."

"కానీ ఏంటి?"

"ఏం లేదు సార్."

ఆ "కానీ" మధ్యాహ్నం నిద్ర చెడగొట్టింది.

12 డిసెంబరు

పావగడ కొరియరు ఆఫీసుకు ఫోను చేసి అడిగాను. ప్రాణమున్నవి తీసుకోం అన్నాడు. ప్రాణం లేనిది నేనెందుకు పంపుతాను అన్నాను. "కుక్కపిల్లా సార్?" "సాలీడు." "ఇంట్లో అయితే చీపురుతో కొట్టేయండి సార్" అని సలహా ఇచ్చి పెట్టేశాడు. ఈ జిల్లాలో అక్షరాస్యత పెరిగిందని పేపర్లు రాస్తుంటాయి.

14 డిసెంబరు

చలిలో సాలీడును పంపడం గురించి దేశదేశాలవాళ్లు రాసింది చదివాను (ఎడమ కంటితో). దాని ఒంట్లో సొంత వేడి ఉండదు. చుట్టూ ఎంత వేడి ఉంటే అంతే. ఊటీలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతోంది. వేడి పొట్లం పెట్టాలి. చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు చేతులు వెచ్చబెట్టుకోవడానికి జేబులో వేసుకునే చిన్న గుడ్డ పొట్లం అది. చింపి గాలి తగలనిస్తే చాలు, గంటల తరబడి కాగుతుంది. సుధామణి అప్పుడూ పంపింది, ఇప్పుడు పది పంపింది. అవి కొరియరు తీసుకుంది. ప్రాణం లేదు కదా.

సాలీడును పెట్టేముందు ఒక పరీక్ష చేస్తాను. 2016లో ఎలా కట్టానో అలాగే, ఒక్క మార్పు లేకుండా. పశువైద్యశాలకు టీకాలు వచ్చే థర్మోకోల్ పెట్టె, మధ్యలో ప్లాస్టిక్ డబ్బా, పక్కన రెండు పొట్లాలు, మూత చుట్టూ రెండు వరసల టేపు. చీమ దూరే సందు ఉండదు. సాలీడు బదులు రెండు కీచురాళ్లు, ఒక థర్మామీటరు. రాత్రంతా ఊటీ అంత చలిలో ఉంచి చూస్తే, నా పెట్టెలో తప్పు లేదని తేలిపోతుంది. ఎనిమిదేళ్ల నింద ఒక్క రాత్రిలో పోతుంది.

నింద ఎవరు వేశారు అంటే ఎవరూ వేయలేదు. అయినా పోవాలి.

ఊటీ చలి మా ఇంటి ఫ్రిజ్‌లో ఉంది. "పాల పక్కన పురుగులు పెడితే నిన్నూ దాంట్లోనే పెడ్తా" అంది భాగీరథమ్మ. ఇక ఈ ఊళ్లో పెద్ద ఫ్రిజ్ ఒక్కడి దగ్గరే ఉంది.

15 డిసెంబరు, ఆదివారం

వెళ్లాను.

హొన్నూరప్ప గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. లేచినందుకు వాడిమీద వాడికే కోపం వచ్చినట్టుంది, మళ్లీ కూర్చున్నాడు.

"ఏంది బావా, దారి తప్పినావా?"

చెప్పాను. అంతా విన్నాడు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెట్టుకో. కానీ ఈడ బెంచీ మింద కూసోని ఒక సోడా తాగిపోవల్ల. ఊరంతా చూడల్ల."

తాగాను. ఊరంతా చూసింది. ఆ దారిన పోయే ప్రతివాడూ ఏదో కొనే నెపంతో ఆగాడు. నా వల్ల వాడికి పన్నెండు సోడాలు అమ్ముడుపోయాయి. పరీక్ష కోసం నేను చేసిన త్యాగాల్లో ఈ ఒక్కటి సుధామణికి తెలియవలసిన పనిలేదు.

16 డిసెంబరు

పొద్దున్నే వెళ్లి పెట్టె తెరిచాను.

లోపలినుంచి చెమ్మ వాసన కొట్టింది. డబ్బాలో పరిచిన కాగితం తడిసి ముద్దయింది. కీచురాళ్లు రెండూ వెల్లకిలా పడి ఉన్నాయి. థర్మామీటరు ప్రకారం రాత్రి ఒకప్పుడు నలభై మూడు డిగ్రీల దాకా వెళ్లి, ఆ తర్వాత జారి జారి ఎనిమిదికి దిగింది. వేడి పొట్లాలు చల్లగా, రాళ్లలా ఉన్నాయి. వాటిని గల్లా మీద పెట్టాను. అయిదు నిమిషాల తర్వాత హొన్నూరప్ప చెయ్యి తగిలి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంది బావా, సచ్చిన పొట్లం మల్లా కాగుతా ఉండాది?"

"నువ్వు రాత్రి ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరిచావు?"

"ఒక్కతూరి గూడా తెరవలేదు. నీ పురుగులుంటే ఎవురు తెరుస్తారు?"

తెరిచే ఉంటాడు.

17 డిసెంబరు

కీచురాళ్లు ముసలివి.

18 డిసెంబరు

రాయడానికేం లేదు.

20 డిసెంబరు

ముప్పై ఒక్క ఏళ్లు, ఏడాదికి రెండు సెక్షన్లు. వెలిగే కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించేవాణ్ణి. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. మంట చిన్నదై, నీలంగా మారి, ఆరిపోయేది. "ఎందుకు ఆరింది?" అని అడిగేవాణ్ణి. సుధామణి చదివిన ఏడు మొదటి బెంచీలోంచి ముందుగా లేచిన చెయ్యి ఆమెదే. మరునాడు ఇనుము తుప్పు పాఠం. తడి ఇనుపరజను గాలిలోని ఆక్సిజన్ని పీల్చుకుని తుప్పు పడుతుంది, పడుతూ వేడినిస్తుంది.

ఆ పొట్లంలో ఉన్నది ఇనుపరజనే. కవరు మీద అచ్చేసి ఉంది. చదవడానికి శుక్లం తీసిన కన్ను కూడా అక్కర్లేదు.

మూసిన పెట్టెలో రెండు పొట్లాలు మొదట కాగి ఉడకబెట్టాయి. ఉన్న గాలంతా తాగేశాయి. గాలి అయిపోయాక అవే ఆరిపోయాయి. మూత తీయగానే మళ్లీ లేచాయి.

భాగీరథమ్మకు ఇదంతా చెప్పలేదు. కీచురాళ్లు చచ్చాయని మాత్రం చెప్పాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తలేదు.

"రాయి పెట్టలేదా?"

"ఏ రాయి?"

"గంప కింద రాయి."

మా రెండు ఇళ్లూ గొర్రెలు కాసిన ఇళ్లే. చలికాలం పుట్టిన గొర్రెపిల్లను దొడ్డిలో గంప కింద మూసి, పైన కంబళి కప్పుతారు. కప్పే ముందు గంప అంచు కింద ఒక పక్క కోడిగుడ్డంత రాయి పెడతారు. చిన్నప్పుడు నేనే వందసార్లు పెట్టి ఉంటాను. కాలేజీకి పోయాక ఆ కంబళి వాసన ఒంటికి అంటకూడదని దొడ్డివైపే వెళ్లలేదు.

"సలికి సచ్చే పిల్లలు తక్కువయ్యా. ఎచ్చగుండల్లని మూసిపెట్టి సంపేటోళ్లే ఎక్కువ. ఊపిరి తిరగల్ల గదా."

"ఈ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా!"

"చెప్తి. అప్పుడూ చెప్తి, ఈడనే కూసోని. ‘ఇది గొర్రెల దొడ్డి కాదే, సైన్సు’ అంటివి."

అలా అన్నట్టు గుర్తులేదు.

21 డిసెంబరు

అన్నాను.

22 డిసెంబరు

ట్రంకుపెట్టె తెరిచి సుధామణి 2016లో రాసిన ఉత్తరం తీశాను. కవరు అంచు కత్తితో నీటుగా కోసి ఉంది. ఎవరు కోశారు? లోపల నాలుగో వాక్యం కింద ఎర్ర సిరా గీత. మార్జిన్‌లో "ఊహాగానం" అని, అదే ఎర్ర సిరాతో. పరీక్ష పేపర్లు దిద్దే నా పెన్ను అది. నా చేతిరాత.

చదవలేదని పైన రాశాను. కొట్టేయను. ఉండనీ.

ఆమె రాసింది ఇది: "సార్, పెట్టె రాగానే లోపలికి తెచ్చుకుని తెరిచాను. లోపల చలి లేదు, చెమ్మ ఉంది. కాగితం తడిసి ముద్దయింది. పొట్లాలు చల్లగా ఉన్నాయి, బయటికి తీశాక నా చేతిలో మళ్లీ వేడెక్కాయి. గాలి అందలేదేమో సార్. నాకు చాలా ఏడుపు వస్తోంది."

ఇరవై ఆరేళ్ల పిల్ల. తప్పు తనది కాకపోయినా ఏడ్చింది. తప్పు నాదని ఎక్కడా అనలేదు. "గాలి అందలేదేమో" అంది. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పింది. అదే నేను భరించలేకపోయాను.

24 డిసెంబరు

అనవసరం అన్న ఆ సంగతి.

చచ్చిన సాలీళ్ల కబురు వచ్చిన మూడోరోజు, ఆమె పరిశోధన గైడుకు రాశాను. గొప్ప ఇంగ్లీషులో, ఒక పేజీ. అరుదైన ప్రాణులను చలిలో వదిలేసి చంపిందనీ, ఈమె ప్రాణులను అప్పగించదగిన మనిషి కాదనీ, చిన్నప్పటినుంచి ఎరిగిన గురువుగా బాధతో రాస్తున్నాననీ. గురువు మాట కదా, ఆయన నమ్మాడు. ఆమెను క్షేత్రపరిశోధన నుంచి తప్పించి ఏడాదిపాటు గిడ్డంగిలో సీసాలకు పేర్లు అంటించే పనిలో పెట్టారు. ఆమె తరగతివాడు నందీష్ పావగడలో మందులషాపు నడుపుతాడు. వాడు చెప్పాడు. విని, "పని నేర్చుకుంటుంది" అన్నాను. మాత్రలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఎనిమిదేళ్లుగా ఎవరెవరు నాకు ఏమేం చేశారో ఈ డైరీల్లో రాస్తూ వచ్చాను. హొన్నూరప్ప, కంపెనీ, హెడ్మాస్టరు, కొరియరువాడు. అట్ట దగ్గరినుంచి అట్ట దాకా తిరగేశాను. ఈ సంగతి ఎక్కడా లేదు.

ఆమె ఇంటికి వస్తానంటే దారి బాగలేదన్నది ఇందుకే.

27 డిసెంబరు

రెండో పరీక్ష. ఈసారి భాగీరథమ్మ కూర్చుని చెప్పింది, నేను కట్టాను.

డబ్బాకు చుట్టూ సూదితో చిల్లులు. లోపల కాగితం, తడి తెలిసీ తెలియనంత. సాలీడు దొర్లిపోకుండా డబ్బా దానికి సరిపోయేంతే ఉండాలి. డబ్బా చుట్టూ పాత కంబళి ముక్కలు. పొట్లం ఒక్కటే, పేపర్లో చుట్టి మూత లోపలివైపు అంటించాలి, డబ్బాకు జానెడు దూరంలో. ఒక మూల మూతకూ పెట్టెకూ మధ్య పలుగురాయి ముక్క పెట్టి కదలకుండా టేపు. ఎదురు మూల పెన్సిలు దూరేంత చిల్లు.

"ఇప్పుడైంది గంప" అంది.

మళ్లీ హొన్నూరప్ప ఫ్రిజ్. మళ్లీ సోడా.

28 డిసెంబరు

ఏడు గంటలకే హొన్నూరప్ప ఫోను.

"బావా, ఫ్రిజ్ పాట పాడతా ఉండాది! పాల ప్యాకెట్కొచ్చిన బోరమ్మ దయ్యమని పరిగెత్తింది. నా బేరం పోయె!"

వెళ్లి తెరిచాను. ఫ్రిజ్‌లో అయిదు డిగ్రీలు, పెట్టెలో ఇరవై మూడు. కాగితం పొడిగా ఉంది. కీచురాయి నన్ను చూసి ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. హొన్నూరప్ప నోరు తెరుచుకుని చూశాడు. సోడా అడగకుండానే తీసిచ్చాడు.

సాలీడుకు తిండి ఆపేశాను. కడుపు నిండా ఉన్నప్పుడు ప్రయాణం మంచిది కాదు.

31 డిసెంబరు

ఊటీలో రాత్రి ఒక డిగ్రీ అని పేపర్లో ఉంది. ఆగాలి. సుధామణి మగది ఫోటో పంపింది. పొట్ట ఎండుద్రాక్షలా ముడుచుకుంది. ఎక్కువ ఆగడానికి లేదు. చలిని తిట్టాను, పేపర్ను తిట్టాను, నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చినవాణ్ణి కూడా తిట్టాను.

3 జనవరి 2025

చలి తగ్గుతుందట. సోమవారమే పంపాలి. వారం మొదట్లో అయితే దారిలో ఎక్కడా సెలవు అడ్డం రాదు. సుధామణి బెంగుళూరు బస్టాండుకు వచ్చి అందుకుని రాత్రి బస్సులో ఊటీ వెళ్తుంది. ఇక్కడినుంచి బెంగుళూరు దాకా ఎవరు? డ్రైవరు చేతికిస్తే ఇంజను పక్కన పెడతాడు, ఉడికిపోతుంది. పైన కడితే ఎగిరిపోతుంది.

"నేను పోతాలే బావా. నాకు స్టాకు పనుండాది" అన్నాడు హొన్నూరప్ప. స్టాకు వాడికి పావగడకే వస్తుంది. నాకు తెలుసని వాడికీ తెలుసు.

4 జనవరి

పెట్టెతోపాటు ఉత్తరం పెట్టాలి. అయిదుసార్లు రాసి చించాను. మొదటిదాంట్లో ఆ కాలపు పరిస్థితులు వివరించాను. రెండోదాంట్లో నా రక్తపోటు. మూడోదాంట్లో మహానుభావులు కూడా పొరబడ్డ సందర్భాలు పేర్లతో సహా. అన్నీ బాగా వచ్చాయి. అదే వాటితో ఇబ్బంది.

భాగీరథమ్మ చిత్తుకాగితాలు ఏరుతూ అంది: "ఇంతింత రాస్తే ఆ పిల్లకు ఊపిరాడతాదా?"

5 జనవరి

"సుధామణికి. 2016లో ఆ రెండింటినీ చంపింది చలి కాదు, నువ్వు కాదు. పెట్టెకు గాలి లేకుండా మూసింది నేను. నీ ఉత్తరం అప్పుడే చదివాను. నువ్వు చెప్పింది నిజమని తెలిసే మీ గైడుకు నీ మీద అబద్ధం రాశాను. నీ ఏడాది నా వల్ల పోయింది. తిమ్మన్న."

సంతకం వంకరగా పడింది. కంటి వల్ల.

6 జనవరి, సోమవారం

తెల్లారాక, ఎండ కాస్త ముదిరాక సాలీడును డబ్బాలోకి ఎక్కించాను. మెత్తటి కుంచెతో వెనక కాలు తాకితే ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లింది. ఎనిమిదేళ్లలో నన్ను ఒక్కసారీ కరవలేదు. ఇంత కాలంలో ఆ మాట నేను ఇంకెవరి గురించీ రాయలేను.

భాగీరథమ్మ రాయి సందులో వేలు పెట్టి చూసింది. "పోయిరా మే" అని పెట్టెతో అంది.

మధ్యాహ్నం దారిలోంచి హొన్నూరప్ప ఫోను.

"ఒళ్లోనే పెట్టుకోనుండా బావా. కండక్టరు అడిగినాడు, ఏందన్నా దాంట్లో అని."

"ఏం చెప్పావు?"

"మా బావ ఉంచుకున్నామె అని చెప్పినా. ఆమెకు టికెట్ తీస్కుంటివా మరి అన్నాడు."

భాగీరథమ్మ ఫోను లాక్కుని పగలబడి నవ్వింది. ఊరికి ఇంకో పదేళ్లకు సరిపడా కథ దొరికింది. సాయంత్రం మళ్లీ చేశాడు. పెట్టె అప్పగించాడట. ఉత్తరం కూడా.

7 జనవరి

ఏడున్నర దాకా ఫోను రాలేదు. ఎనిమిదికీ రాలేదు. భాగీరథమ్మ మూడుసార్లు కాఫీ ఇచ్చింది. మూడూ చల్లారాయి.

ఎనిమిదీ నలభైకి వచ్చింది.

"సార్, బయట గడ్డి మీద మంచు పేరుకోనుండాది. పెట్టెలో ఇరవై రెండుంది. మూత తీస్తానే ముందరి కాళ్లెత్తి నా మింద కోపం చేసింది సార్!"

బతికే ఉంది. భాగీరథమ్మకు చెయ్యి ఊపి చెప్పాను.

"సార్? మూలలో రాయొకటి ఉండాది. అది ఎందుకు సార్?"

"గాలికి."

ఆమె ఇంకేదీ అడగకముందే నేనే అడిగాను.

"ఉత్తరం చదివావా?"

"రాత్రే బస్సులో చదివినా సార్." అంది. "నాకు ముందే తెలుసు సార్, మీరు మా గైడుకు రాసింది. ఆ ఉత్తరం నా ఫైల్లోనే ఉండాది. ఎక్కడ అప్లికేషన్ పెట్టినా అదీ నాతో వస్తాది."

క్షమించానంటుందేమోనని ఎదురుచూశాను. ఎదురుచూశానని రాయడానికే సిగ్గుగా ఉంది.

"నాకు రాస్తే ఫైలు మారదు సార్. ఆయనకు రాయండి. ఆయన రిటైరై మైసూరులో ఉండారు. ఆఫీసుకొక కాపీ. అడ్రసులు పంపుతా."

పెట్టేసింది. అయిదు నిమిషాల్లో రెండు అడ్రసులు వచ్చాయి, పిన్‌కోడ్లతో సహా.

డెబ్బై నాలుగేళ్ల వయసులో, ఒంటి కంటితో ఉన్న నాకు నా శిష్యురాలు హోంవర్కు ఇచ్చింది.

9 జనవరి

ఇంగ్లీషులో ఒక పేజీ. అదే గొప్ప ఇంగ్లీషు. ఈసారి తేలిగ్గా రాలేదు. మైసూరు ముసలాయన ఇది చదివి నా గురించి ఏమనుకుంటాడో ఊహించి రెండుసార్లు లేచి బయట తిరిగి వచ్చాను. ముందుగదిలో తొట్టె ఖాళీగా ఉంది. దాని వైపు చూడకుండా తిరగడం కష్టం.

11 జనవరి

సుధామణి మెసేజి, కుశలప్రశ్నలు లేకుండా. మా సాలీడు బొరియ తవ్వుకుందట. మగదాన్ని నిన్న దగ్గరగా వదిలారట. అది ఉన్న ఏడు కాళ్లతోనూ నేల మీద తట్టిందట. చాలాసేపు ఏమీ లేదట. తర్వాత లోపలినుంచి ఈమె తిరిగి తట్టిందట.

భాగీరథమ్మకు చదివి వినిపించాను. "నా సవతికి మొగుడు దొరికె" అని ఖాళీ తొట్టె తుడవడం మొదలుపెట్టింది.

రెండు కవర్లూ సిద్ధం చేశాను. అంచుల పొడవునా జిగురు రాసి, గోటితో రుద్ది, ఎక్కడా సందు లేకుండా అంటించాను. వీటికి గాలి అక్కర్లేదు.

హొన్నూరప్ప బండి మీద పోస్టాఫీసుకు వెళ్తున్నాను.